కుందేళ్ల జంట కావాలా? ముందు ఇల్లు చూడండి!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కుందేళ్ల జంటను పెంచుకుందామనుకుంటే ఈ రెండు పనులూ ఒకేసారి మీద పడతాయి. మనం చేసే పొరపాటేమిటంటే, ముందు పెళ్లివారిని ఇంటికి తెచ్చేసి ఆ తర్వాత విడిది ఎక్కడా అని వెతుక్కోవడం!

మా ఇంట్లోనూ అదే జరిగింది. నాలుగేళ్ల కిందట పిల్లల పోరు పడలేక మావారు ఓ ఆదివారం రెండు కుందేలు పిల్లల్ని తెచ్చారు. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. దుకాణం వాళ్లే రెండడుగుల ఇనుప గూడు కూడా అంటగట్టారు. ‘రెండూ ఆడవే, పేచీ ఉండదు. రోజుకో క్యారెట్ పడేస్తే చాలు’ అని భరోసా ఇచ్చారట. గూడు ఎక్కడ పెట్టాలన్న ఆలోచనే మాకు రాలేదు. హాల్లో అడ్డం అని బాల్కనీలో పెట్టేశాం. మాది పడమటి బాల్కనీ. మాఘమాసంలో హాయిగానే ఉంది. మే నెల వచ్చేసరికి...

ఆ రోజు నేను ఓ పేరంటానికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాను. బూడిదరంగుది గూట్లో ఓ పక్కకు ఒరిగి ఉంది. నీళ్ల సీసా నిండుగానే ఉంది. కానీ ఆ నీళ్లు ముట్టుకుంటే కాఫీలా వేడిగా ఉన్నాయి. తెల్లది మూలకు నక్కి ఎగపోస్తోంది. పరుగున డాక్టరు దగ్గరికి తీసుకెళితే దాన్నొక్కదాన్నే దక్కించగలిగారు. పైగా అది ఆడది కాదు, మగదని కూడా ఆయనే చెప్పారు. ‘కుందేలును ఎలా పెంచాలని ఇప్పుడు అడుగుతున్నారు. ఇది కొనకముందు అడగాల్సిన ప్రశ్నమ్మా’ అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంటుంది.

అప్పట్నుంచీ తెలుసుకున్నవీ, చేసి చూసినవీ మీతో పంచుకోవాలనిపించింది.

ముందుగా మిమ్మల్ని మీరే అడగండి

పెంపుడు కుందేలు సరిగ్గా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు మూడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి కాలేజీకి వెళ్లేదాకా అది మీ ఇంట్లోనే ఉంటుందన్నమాట. పిల్లల ముచ్చట నెల రోజుల్లో తీరిపోతుంది. ఆ తర్వాత తట్ట ఎత్తేదెవరు? గడ్డి తెచ్చేదెవరు? ఎవరో మీకు తెలుసు కదూ! అందుకే తెచ్చే ముందే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఎవరి పని ఏదో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. అందులో మావారి పేరు రెండుసార్లు ఉండేలా నేను చూసుకున్నాను.

సంక్రాంతికి ఊరెళితే ఎవరు చూస్తారన్నదీ ఆలోచించాలి. రెండు రోజులకు సరిపడా తిండి పడేసి తాళం వేసుకుని వెళ్లడానికి వీల్లేని ప్రాణి ఇది. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లతో ముందే మాట్లాడండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, దుమ్ము పడకపోవడం లాంటివి ఉంటే మరీ ఆలోచించండి. బొచ్చుతో పాటు గడ్డి దుమ్ము కూడా ఉంటుంది.

ఇంకో మాట. పొలాల్లో, అడవుల్లో తిరిగే చెవులపిల్లి వేరు, పెంపుడు కుందేలు వేరు. పెంచుకునేది ఐరోపా అడవి కుందేలు సంతతి. మన చెవులపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఊరి నుంచి ఎవరైనా పట్టి తెచ్చిస్తామన్నా తీసుకోకండి.

జంటే ఎందుకు?

కుందేలు గుంపులో బతికే జీవి. ఒంటరిగా ఉంటే దిగులు పడుతుంది. మనం ఎంత ముద్దు చేసినా రాత్రంతా పక్కన పడుకుని ఒళ్లు నాకే తోడు కాలేం. మా తెల్లది ఒంటరిదయ్యాక నెల రోజులు గోడవైపు తిరిగి కూర్చునేది.

అయితే ఏ జంట అన్నది ముఖ్యం. మూడు, నాలుగు నెలలకే ఇవి ఈడుకొస్తాయి. చూలు నిలిస్తే 31 రోజులకల్లా పిల్లలు. పిల్లల్ని కన్న రోజే మళ్లీ చూలు నిలవచ్చు కూడా. మా వదిన వాళ్లింట్లో ‘రెండూ ఆడవే’ అని తెచ్చుకున్న జంట ఏడాది తిరక్కుండానే పందొమ్మిది అయింది. పంచిపెట్టలేక ఆవిడ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. చిన్న పిల్లల్లో ఆడా మగా పోల్చుకోవడం అలవాటున్న వాళ్లకే కష్టం. కాబట్టి దుకాణం మాట నమ్మకుండా డాక్టరుకు చూపించండి.

అన్నిటికన్నా బాగా కుదిరేది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించిన ఒక మగ, ఒక ఆడ. మగదానికి నాలుగు నెలలు దాటాక, ఆడదానికి అయిదారు నెలలకు చేయిస్తారు. ఆపరేషన్ అయ్యాక కూడా మగదాన్ని నాలుగు నుంచి ఆరు వారాలు విడిగానే ఉంచాలి. అప్పటిదాకా పిల్లలు పుట్టించే శక్తి ఉండవచ్చు. ఆపరేషన్ లేని ఆడ కుందేళ్లలో వయసు మళ్లేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ఎక్కువ. అందుకని ఆడదానికి ఆపరేషన్ అనేది పిల్లలు వద్దని మాత్రమే కాదు, దాని ప్రాణం కోసం కూడా. ఇక రెండు మగవాటిని కలిపి ఉంచారో, పెద్దయ్యాక రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. అక్కచెల్లెళ్లయిన ఆడవాటికీ ఒక్కోసారి పడదు.

కుందేళ్లకు ఆపరేషన్ చేసే డాక్టర్లు అన్ని ఊళ్లలో దొరకరు. కొనక ముందే వాకబు చేయండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడ అడిగి చూడొచ్చు. ఆ వీలు లేకపోతే జంటను మధ్యలో జాలి పెట్టి పక్కపక్కనే పెంచడం తప్ప దారి లేదు. అంటే చోటు రెట్టింపు కావాలి.

ఎంత ఇల్లు కావాలి?

దుకాణాల్లో అమ్మే గూళ్లు ఇంటికి తెచ్చుకోవడానికి పనికొస్తాయేమో గానీ కాపురానికి పనికిరావు. కుందేలు ఒళ్లు విరుచుకుని సాగిలపడి పడుకోవాలి. వెనక కాళ్ల మీద లేచి నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు. వరసగా మూడు నాలుగు గెంతులు వేయగలగాలి. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం కోసం పనిచేసే సంస్థ, ఒక జంటకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు రాత్రింబవళ్లూ అందుబాటులో ఉండాలని చెబుతోంది. మన లెక్కలో దాదాపు పదడుగులు, ఆరున్నర అడుగులు, మూడడుగుల పైచిలుకు ఎత్తు.

‘అమ్మో! మా వంటగదే అంత లేదు’ అంటారా? నేనూ అలాగే అన్నాను. కానీ గూడు అన్న మాట మర్చిపోయి ‘ఆవరణ’ అనుకుని చూడండి. కుక్కపిల్లల కోసం అమ్మే మడత జాలీ పలకలు నాలుగైదు కలిపితే పడగ్గదిలో ఓ మూల సరిపోతుంది. వరండాలో ఓ చివర, గాలి ఆడే మెట్ల కింది చోటు, వాడని స్టోర్ గది... వెతికితే దొరుకుతుంది. కాస్త తగ్గితే పొద్దున, సాయంత్రం హాల్లో వదిలి ఆ లోటు తీర్చొచ్చు. అవి హుషారుగా ఉండేదీ ఆ రెండు వేళల్లోనే. అదీ కుదరదనుకుంటే మాత్రం కుందేళ్లను తేకుండా ఉండటమే వాటికి చేసే మేలు.

చిన్నగా ఉన్నప్పుడు చూసి మోసపోకండి. మన దగ్గర ఎక్కువగా దొరికే తెల్ల కుందేళ్లు న్యూజిలాండ్ వైట్ లాంటి పెద్ద జాతివి. ఇవి 4, 5 కిలోల దాకా పెరుగుతాయి.

ఎక్కడ పెట్టాలి?

బాల్కనీ, డాబా, రేకుల షెడ్డు - మన ఎండలకు ఈ మూడూ ప్రమాదమే. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి. 20 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది. 28 దాటితే ఇబ్బంది మొదలు. 30 దాటి, గాలి కూడా ఆడకపోతే వడదెబ్బ తగలొచ్చు. మరి మనకు మే నెలలో 42, 44 మామూలే కదా! అందుకే మన ప్రాంతాల్లో కుందేళ్లకు ఇంటి లోపలే క్షేమం. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది ఏదో చూసి అక్కడ పెట్టండి. మధ్యాహ్నం మూడింటికి ఆ చోట చాప వేసుకుని ఓ గంట మీరు పడుకోగలరా? లేకపోతే అవీ ఉండలేవు.

పెరట్లోనే పెంచుతామనే వాళ్లు చెట్టు నీడన, ఈదురుగాలి, వాన జల్లు తగలని చోట పటిష్ఠమైన గది కట్టాలి. కోళ్లకు వాడే పల్చటి జాలి చాలదు. దాన్ని కుందేలు లోపల్నించి కొరుకుతుంది, కుక్క బయట్నించి చింపుతుంది. వెల్డింగ్ చేసిన మందపాటి జాలి కావాలి. కన్నాలు అరంగుళం మించితే ఎలుకలు, పాములు దూరతాయి. కిందనుంచి తవ్వుకుపోకుండా అడుగున బండలు పరవాలి. తలుపుకు కొక్కెం కాదు, గడియ ఉండాలి. పిల్లులు, ముంగిసలు, వీధికుక్కలు, కోతులు... అన్నీ శత్రువులే. ముట్టుకోనక్కర్లేదు, గూటి చుట్టూ కుక్క తిరిగినా చాలు, ఆ భయానికే గుండె ఆగిపోయే సున్నితపు ప్రాణి కుందేలు.

లోపల ఏమేం అమర్చాలి?

నేల: కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు అరికాళ్లకు మెత్తటి దిండ్లుండవు. ఉత్త బొచ్చే. ఇనుప తీగల నేల మీద ఉంచితే అరికాళ్లు పుళ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి. తుంగచాపో, పాత నూలు బొంతో పరచండి. చాప కొరికినా ఫరవాలేదు. ప్లాస్టిక్ చాపలు, దారాలు లేచిన గోనెసంచులు వద్దు, మింగితే పేగుకు అడ్డం పడతాయి. ఓ పక్క మాత్రం చాప లేకుండా కడప బండ ముక్కో, తాండూరు బండో పెట్టండి. వేసవిలో వాటికదే ఏసీ!

దాక్కునే చోటు: ఇది లేకపోతే వాటికి నిద్ర పట్టదు. రెండు ద్వారాలు కోసిన అట్టపెట్టె చాలు. ఒకటి లోపలుంటే రెండోది ఇరుక్కుపోకుండా రెండు దారులుండాలి. ఇద్దరికీ చెరొకటి ఉంటే మరీ మంచిది.

తట్ట: ఇవి ఎక్కడ పడితే అక్కడ పాడు చేస్తాయనుకుంటాం గానీ, సాధారణంగా ఓ మూలనే ఎంచుకుంటాయి. ఆ మూలన వెడల్పాటి ప్లాస్టిక్ తట్ట పెట్టి అడుగున న్యూస్ పేపర్, పైన గడ్డి పరవండి. గడ్డి నములుతూ పని కానివ్వడం వాటి అలవాటు. పిల్లుల కోసం అమ్మే, తడిస్తే గడ్డకట్టే ఇసుక వాడకండి. తట్ట రోజూ మార్చాలి. మూత్రం ఘాటు వాటి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పైగా వానాకాలంలో ఒళ్లు తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి, బతికుండగానే పురుగులు పడతాయి. రోజూ వెనక భాగం చూస్తుండాలి. అలాగని స్నానం చేయించకండి, బెదిరిపోతాయి.

నీళ్లు: సీసాలోంచి చుక్క చుక్కగా తాగడం కంటే గిన్నెలో తాగడం వాటికి తేలిక. బరువైన మట్టి మూకుడైతే ఒలకదు, నీళ్లూ చల్లగా ఉంటాయి.

కాలక్షేపం: జామకొమ్మలు, వెదురు బుట్ట, ఖాళీ అట్టపెట్టెలు ఇవ్వండి. వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరకడానికి ఏమీ లేకపోతే మీ సోఫా కాలే దిక్కు!

వైర్లు జాగ్రత్త

వాటిని వదిలే గదిలో ఓసారి నేల మీద కూర్చుని చుట్టూ చూడండి. ఫ్రిజ్ వైరు, ఫోన్ ఛార్జర్, టీవీ వెనక చిక్కు... కుందేలు కంటికి ఇవన్నీ వేళ్లూ తీగలే. కటుక్కున ఒక్క కొరుకు చాలు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే ఫ్లెక్సిబుల్ పైపు నిలువునా కోసి వైర్లు అందులో దూర్చండి. వీలైనవి గోడమీదికి ఎక్కించండి.

మొక్కల సంగతీ చూడాలి. గన్నేరు, ఉమ్మెత్త, మనీప్లాంట్, డిఫెన్‌బేకియా, లిల్లీ వాటికి విషం. ఉల్లి, వెల్లుల్లి తొక్కలూ అందకూడదు.

గడ్డి సంగతి ముందే చూసుకోండి

‘క్యారెట్ చాలు’ అన్నది బొమ్మల పుస్తకాల మాట. అందులో తీపి ఎక్కువ. వారానికి రెండు మూడు చిన్న ముక్కలు చాలు. కుందేలు తిండిలో ఎనభై శాతానికి పైగా గడ్డే ఉండాలి. అటు పళ్లు అరగాలన్నా, ఇటు పేగు కదలాలన్నా ఆ పీచే ఆధారం. రోజుకు దాని ఒళ్లంత గడ్డికట్ట కావాలని గుర్తు పెట్టుకోండి. ఎండుగడ్డి సంచుల్లో దొరుకుతుంది. పల్లెలకు దగ్గర్లో ఉంటే పచ్చి గరిక తెచ్చుకోవచ్చు. వినాయకుడికే కాదు, వీటికీ గరికంటే ప్రాణం! రోడ్డు పక్కది, మందు కొట్టిన చేలగట్టుది కాకుండా శుభ్రమైన చోటునుంచి తెచ్చి, కడిగి ఆరబెట్టి వేయండి. వరిగడ్డి పరుపుగా పనికొస్తుంది గానీ అందులో బలం తక్కువ. బూజు పట్టిన గడ్డి అసలే వద్దు.

దానికి తోడు రోజూ గుప్పెడు కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు. పాలకూర, తోటకూర అప్పుడప్పుడూ కాస్త. సంచుల్లో అమ్మే గుళికల మేత పెద్ద కుందేలుకు కిలో బరువుకు 25 గ్రాములు మించనక్కర్లేదు. అన్నం, రొట్టె, బిస్కెట్లు పెట్టకండి. తెచ్చిన కొత్తలో అక్కడ తిన్న మేతే పెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి.

ఇవి గుర్తుంటే ప్రాణం నిలుస్తుంది

* పన్నెండు గంటలు తిండి ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా ‘రేపు చూద్దాం’ అనకండి. పేగు స్తంభించిందంటే ప్రాణాపాయం. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

* నోరు తెరిచి ఎగపోస్తూ, చొంగ కారుస్తూ, చెవులు కాలిపోతూ వాలిపోయిందంటే వడదెబ్బే. నీడకు తెచ్చి చెవులు చల్లటి నీళ్లతో తడపండి. ఐసు నీళ్లలో ముంచకండి. నోట్లో నీళ్లు పోయకండి. డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

* ఫ్యాను గాలి ఒక్కటే వాటిని చల్లబరచదు. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. కిటికీకి వట్టివేళ్ల తడికె కట్టండి. కోస్తా ఉక్కపోతలో కూలర్ పెద్దగా పనిచేయదు. కరెంటు పోయే వేళలకు ఒకటికి రెండు సీసాలు ఫ్రీజర్‌లో ఉంచుకోండి.

* పిల్లలకు వాడిన అమాక్సిసిలిన్ సిరప్పు మిగిలింది కదా అని పోశారో, కుందేలు చనిపోవచ్చు. కుక్కలకు గోమార్ల కోసం వేసే ఫిప్రోనిల్ చుక్కలూ అంతే ప్రమాదం.

* చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో చూసిందే. ఎప్పుడూ అలా చేయకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. గాల్లో కాళ్లు తన్నుకుంటే నడుమే విరగవచ్చు. చిన్నపిల్లలు నేలమీద కూర్చునే ఆడుకోవాలి.

తొలి వారం

ఇల్లంతా సర్దుకున్నాక, తట్ట, గడ్డి, మూకుడు, పెట్టె... అన్నీ వాటి చోట్లలో ఉన్నాక అప్పుడు వెళ్లి జంటను తీసుకురండి. ఎండాకాలంలో కాకుండా చలికాలం మొదట్లో తెచ్చుకుంటే అలవాటు పడటానికి వ్యవధి ఉంటుంది. మొదటి రెండు రోజులు చుట్టాలకు చూపించే కార్యక్రమం పెట్టుకోకండి. చప్పుడు చేయకుండా పక్కన కూర్చోండి. అవే వచ్చి వాసన చూస్తాయి. వెనక కాలితో ధన్‌మని నేలను కొడితే భయపడ్డట్టు. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పితే సంతోషం పట్టలేకపోతున్నట్టు!

మాకు ఆ రెండో దృశ్యం చూడటానికి దాదాపు ఏడాది పట్టింది. మే తర్వాత వెంటనే ఇంకో కుందేలును తేలేదు. ముందు పిల్లల గదిలో మంచం జరిపి, ఆ మూల ఆవరణ కట్టించాం. తెల్లదానికి ఆపరేషన్ చేసే డాక్టరు కోసం రెండు ఊళ్లు తిరిగాం. ఆ తర్వాతే ఓ ఆడపిల్లను తెచ్చి జాలికి అవతల ఉంచాం. దానికి ఈడొచ్చి ఆపరేషన్ అయ్యేదాకా జాలి తీయలేదు. తీసిన రోజు రెండూ కాసేపు ఎడమొహం పెడమొహంగా కూర్చుని, చివరికి మా తెల్లదే వెళ్లి దాని ముందు తల వంచింది. అది నుదురు నాకింది. మా అమ్మాయి నా వైపు తిరిగి, ‘అమ్మా, బూడిదరంగుదానికి కూడా ఈ ఇల్లే ఉంటే బాగుండేది కదా’ అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. మీ ఇంట్లో అలాంటి ప్రశ్న రాకూడదనే ఇదంతా రాశాను. ఈసారి పిల్లలు ‘అమ్మా, కుందేళ్లు’ అని మారాం చేస్తే వెంటనే సరే అనకండి, కాదనీ అనకండి. టేపు చేతికిచ్చి, ‘పదడుగులు ఎక్కడుందో చూపించండి’ అనండి. దొరికితే ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఏమంటారు?